మా మేడ మీద ఆఖరి సీజన్

2019 మే 13, సోమవారం. పొద్దున ఎనిమిది కావస్తోంది. బుద్వేల్‌లో మా మేడ మీది రేకుల రూమ్‌లో ఐదుగురం ఒకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. రేకులు అప్పుడే వేడెక్కుతున్నాయి. స్క్రీన్ మీద కింగ్స్ ల్యాండింగ్ అనే నగరం మొత్తం బూడిదైపోయింది. ఎవరూ మాట్లాడట్లేదు. చివరికి మా సివిల్‌గాడు (చదివింది సివిల్ ఇంజినీరింగ్, అందుకే ఆ పేరు) లాప్‌టాప్ మూత ధడేల్‌మని వేసి, "ఎనిమిదేళ్లు రా... ఎనిమిదేళ్లు" అన్నాడు. వాడు నిజానికి చూడటం మొదలుపెట్టి ఎనిమిది నెలలే. అయినా ఎవరం సరిదిద్దలేదు. అంత దుఃఖంలో ఉన్నాం.

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చూడనివాళ్లకు రెండు ముక్కలు. (ఇన్నేళ్లయింది, స్పాయిలర్ చెప్పానని తిట్టకండి.) డనేరిస్ అని ఒక తెల్లజుట్టు అమ్మాయి. రాజ్యం పోయింది, అన్న ఆమెను ఒక గుంపు నాయకుడికి అమ్మేశాడు. అక్కడి నుంచి లేచి, మూడు డ్రాగన్లను పెంచి, బానిసలను విడిపించి, తన సింహాసనం కోసం సముద్రం దాటి వస్తుంది. ఏడు సీజన్లపాటు మనం ఆమె పక్షం. ఎనిమిదో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో శత్రువు లొంగిపోతుంది, గంటలు మోగుతాయి, యుద్ధం అయిపోయింది. అప్పుడు ఆమె డ్రాగన్ మీద కూర్చుని, లొంగిపోయిన ఊరినే తగలబెడుతుంది. పిల్లల్ని, తల్లుల్ని, అందరినీ. అమెరికాలో తమ ఆడపిల్లలకు ఆ కథలోని ‘ఖలీసీ’ అనే పేరు పెట్టుకున్న తల్లిదండ్రులు వందల్లో ఉన్నారు. ఆ రోజు వాళ్ల ఇళ్లలో ఏమనుకున్నారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అమెరికాలో ఆదివారం రాత్రి వేస్తే మనకు హాట్‌స్టార్‌లో సోమవారం పొద్దున ఆరున్నరకి వచ్చేది. ఆరు వారాలు, ఆరు ఎపిసోడ్లు. మాకది బీటెక్ ఫైనలియర్ చివరి నెల. ప్రాజెక్టు రివ్యూలకు లేవనివాళ్లం ఐదున్నరకే అలారం పెట్టుకున్నాం. ఆఫీసుకో కాలేజీకో వెళ్లేలోపు చూడకపోతే గతి లేదు. తొమ్మిది కాకముందే వాట్సాప్ స్టేటస్‌లలో ఎవడో ఒకడు చంపిందెవరో, చచ్చిందెవరో చెప్పేసేవాడు. మూడో ఎపిసోడ్ అయితే మొత్తం చీకట్లోనే తీశారు. దుప్పటి కట్టినా రేకుల సందుల్లోంచి ఎండ పడి, మాకు యుద్ధం కంటే మా మొహాలే ఎక్కువ కనిపించాయి. తీరా ప్రపంచమంతా అదే గోల అని తెలిశాక మా లాప్‌టాప్‌ని క్షమించాం.

మా ఇల్లు సంగతి చెప్పాలి. తాతయ్య రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ ఫారంలో పనిచేసేవాడు. ఆ జీతంలో కూడబెట్టి కొన్న 220 గజాలు. కింద మేం, పైన బాబాయ్ వాళ్లు, ఆ పైన రేకుల రూమ్. నాన్నమ్మ మాత్రం ఏ అంతస్తుకూ చెందదు. పొద్దున కింద టీ, మధ్యాహ్నం పైన నిద్ర. బాబాయ్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచీ అదే పని. ఎక్కువగా నైట్ డ్యూటీ. సోమవారం పొద్దున ఆయన ఇంటికొచ్చే టైమూ, మా ఎపిసోడ్ మొదలయ్యే టైమూ ఒకటే. ఆరాంఘర్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ పార్సిల్, ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి కూర్చునేవాడు. ఇంగ్లిష్ సగమే అర్థమయ్యేది. మిగతాది వాళ్ల అబ్బాయి, అంటే మా తమ్ముడు, పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాడు. బాబాయ్‌కి పేర్లు నోరు తిరగవు. జేమీ ‘ఒంటిచెయ్యోడు’. టిరియన్ ‘పొట్టాయన’. డనేరిస్ ‘డ్రాగన్ పిల్ల’.

ఆ రోజు సివిల్‌గాడు మూత వేశాక అందరం ఒక్కసారిగా మొదలుపెట్టాం. ఇది ఆమె కాదు, ఇదసలు ఆ క్యారెక్టరే కాదు. నాలుగో ఎపిసోడ్‌లో స్నేహితురాలు చచ్చిపోయింది, డ్రాగన్ చచ్చిపోయింది, సరే. అంతమాత్రాన ఊరు తగలబెడుతుందా? ఒంటిచెయ్యోడి సంగతి ఇంకా ఘోరం. మొదటి ఎపిసోడ్‌లోనే పసివాణ్ని కిటికీలోంచి తోసేసిన దుర్మార్గుణ్ని ఏడు సీజన్లలో మెల్లమెల్లగా మనిషిని చేశారు. ఎనిమిదో సీజన్‌లో బ్రియెన్‌ను నైట్‌గా ప్రకటించే సీన్‌లో మేం ఐదుగురం కళ్లు తుడుచుకున్నాం. రెండు వారాలు తిరక్కుండా వాడు మళ్లీ పాత అక్క దగ్గరికే పరుగు. అందరికంటే తెలివైన పొట్టాయన వరసగా తప్పు సలహాలే ఇస్తున్నాడు.

నేను కోడింగ్ భాషలో పెద్ద పోస్టు రాశాను. టెస్టింగ్ లేకుండా, రివ్యూ లేకుండా, నేరుగా ప్రొడక్షన్‌లో ఒక మనిషిని మార్చేశారని. మూడొందల లైకులొచ్చాయి. అప్పటిదాకా నా జీవితంలో అదే రికార్డు. సమర్థులైన రచయితలతో ఎనిమిదో సీజన్ మళ్లీ తీయాలని ఆన్‌లైన్‌లో ఒక పిటిషన్ పెట్టారు. చివరి ఎపిసోడ్ వచ్చేలోపే పది లక్షల సంతకాలు దాటాయి. అందులో బుద్వేల్ నుంచి ఐదు. మళ్లీ తీయరని మాకూ తెలుసు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ సీజన్‌కే ఉత్తమ డ్రామాగా ఎమ్మీ అవార్డు ఇచ్చి మా సంతకాల విలువేమిటో కూడా చెప్పారు.

మనకు పాత్ర మారడం కొత్త కాదు. కట్టప్ప బాహుబలిని వెన్నుపోటు పొడిచాడని 2015లో చూపించి, ఎందుకో చెప్పడానికి 2017 దాకా ఆగమన్నారు. ఆగాం. ఎవరూ పిటిషన్లు పెట్టలేదు. జోకులేసుకున్నాం, థియరీలు చెప్పుకున్నాం. ఎందుకంటే ఆ ‘ఎందుకు’ వస్తుందని నమ్మకం. వచ్చింది కూడా. సింహాసనానికి కట్టుబడిన బానిస, ఆజ్ఞ ఇచ్చింది శివగామి. కాకపోతే నన్నడిగితే ఆ సినిమాలో అసలు తేడా కొట్టే మార్పు కట్టప్పది కాదు, శివగామిది. అంత న్యాయం తెలిసిన మనిషి, కొడుకులా పెంచినవాణ్ని ఒక్కసారి పిలిచి అడగకుండా చంపమంటుందా? థియేటర్‌లో ఆ ప్రశ్న రాలేదు. రమ్యకృష్ణ కళ్లు చూశాక ప్రశ్నలు గుర్తుండవు. ఇంటికొచ్చాక వచ్చింది.

సరే, ఆ సోమవారం. మేం అరుస్తున్నాం, బాబాయ్ బిస్కెట్ చాయ్‌లో ముంచుతున్నాడు. మెత్తబడి గ్లాసులో పడిపోయింది. వేలితో తీసుకుంటూ, "పోయిన వారం దావత్‌ల గామెతోని ఎవడన్నా మాట్లాడిండారా?" అన్నాడు.

ఏ దావత్ అన్నాం.

"గదే, చచ్చినోళ్లతోని కొట్లాట అయినంక దావత్ చేసుకున్నరు గదా. డ్రాగన్ పిల్ల ఒక్కతే కూసుంది. అందరు వాన్నే ఎత్తుకుంటున్నరు, డ్రాగన్ ఎక్కిండు, మొనగాడు అని. డ్రాగన్లు ఎవలయి? సైన్యం ఎవలది? సగం మంది సచ్చింది ఎవలోళ్లు? తిన్నవా అమ్మా అని అడిగినోడు లేడు."

"అందుకని ఊరు తగలబెడతదా బాబాయ్?"

"తగలవెట్టుడు తప్పే. నేను అడిగింది వేరే" అని, గ్లాసు కడగడానికి లేచి వెళ్లిపోయాడు. మేం నవ్వుకున్నాం. బాబాయ్ నిద్ర లేక ఏదేదో మాట్లాడుతున్నాడని సివిల్‌గాడన్నాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాతి ఏడాది లాక్‌డౌన్. దూరదర్శన్‌లో పాత ‘రామాయణ్’ మళ్లీ వేశారు. మా ఇంట్లో రెండు కుటుంబాలూ కింద మా హాల్లోనే చూసేవి. బాబాయ్‌కి క్యాబ్ లేదు, ఎయిర్‌పోర్టు మూతపడింది, మొదటిసారి ఆయన రాత్రిపూట ఇంట్లో ఉండటం చూశాను. నాన్నమ్మ ఒక్క ఎపిసోడ్ వదల్లేదు. పట్టాభిషేకం రోజు టీవీకి కొబ్బరికాయ కొట్టినంత పని చేసింది. ఏప్రిల్‌లో ‘ఉత్తర రామాయణ్’ మొదలైంది. టైటిల్ పడగానే నాన్నమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడూ అంతే. ఎందుకు చూడవని అడిగాను.

"పట్టాభిషేకమైనంక ఇంకేముంటది బిడ్డా, అన్ని ఏడుపులే."

"కథ అయిపోలేదు కదా నాన్నమ్మా."

"నాకు అయిపోయింది."

ఆమె పెళ్లైన కొత్తలో తాతయ్య ‘లవకుశ’కు తీసుకెళ్లాడట. రామారావునీ అంజలీదేవినీ రంగుల్లో చూస్తున్నానని సంబరంగా వెళ్లి, సీతమ్మను అడవిలో వదిలేసే చోట ఏడవటం మొదలుపెట్టి, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదట. "రాముడు గట్ల చేస్తడా?" అంది నాతో, అరవై ఏళ్ల కిందటి కోపం కొంచెమూ తగ్గకుండా. "చేశాడు కదా" అన్నాను. "చేసిండు. అందుకే సూడ."

నాకు అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే మా పిటిషన్ గుర్తొచ్చింది. నాన్నమ్మది కూడా అదే పిటిషన్. కాకపోతే ఆమె ఎవరికీ పంపలేదు, టీవీ ముందు నుంచి లేచింది. ఇది ఆమె ఒక్కదాని గొడవ కూడా కాదు. పారాయణం పట్టాభిషేకంతో ఆపేయడం మన ఇళ్లలో మామూలే. మొల్ల రామాయణం యుద్ధకాండతో ఆగుతుంది. విశ్వనాథ వారి కల్పవృక్షమూ అక్కడే. మరోపక్క తిక్కన ఉత్తర రామాయణాన్నే ఎంచుకుని రాశాడు, కంకంటి పాపరాజూ రాశాడు. రంగనాథ రామాయణం అయితే గోన బుద్ధారెడ్డి యుద్ధకాండ దాకా చెప్పి ఆపితే, ఉత్తరకాండను ఆయన కొడుకులు చెప్పారంటారు. తండ్రి ఆపిన చోటు నుంచి కొడుకులు ఎత్తుకోవాల్సి వచ్చింది. ఎవరో ఒకరికి ఆ తర్వాతేమైందో తెలియాలి మరి.

టీవీలోనూ ఇదే జరిగింది. 1988లో రామానంద్ సాగర్ పట్టాభిషేకంతోనే ముగించేశాడు. అప్పుడు జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు, వాల్మీకిని తమవాడిగా కొలిచేవాళ్లు, లవకుశుల కథ కూడా తీయాలని సమ్మెకు దిగారు. చివరికి ఆ కథా తీశారు. మేం మార్చమని సంతకాలు పెట్టాం. వాళ్లు మిగతాది చూపించమని చీపుర్లు పక్కన పెట్టారు. వాళ్లకు కావాల్సింది రాముడు మారకపోవడం కాదు, ఆ మారిన రాముడి ముందు నిలబడి పాడిన పిల్లలు, వాళ్లను పెంచిన వాల్మీకి. ఇష్టమైన మనిషి మారిపోయిన చోట ఒకరు లేచి వెళ్లిపోతారు, ఇంకొకరికి కథ అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు మా కథలోకి.

2023 ఆగస్టు 10. హెచ్‌ఎండీఏ వాళ్లు బుద్వేల్‌లో వంద ఎకరాలు వేలం వేశారు. అంతకు వారం ముందే కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది కాబట్టి అందరి కళ్లూ దీని మీదే. మొత్తం 3,625 కోట్లు వచ్చాయి. ఒక ప్లాటుకు ఎకరానికి 41 కోట్ల 75 లక్షలు పాడారు. రాత్రి న్యూస్‌లో ‘బుద్వేల్’ అని పెద్ద అక్షరాలతో పడుతుంటే మాకు గర్వంగానే ఉంది. ఎక్కడుంటావని ఆఫీసులో అడిగితే ‘ఎయిర్‌పోర్టు దారిలో’ అని చెప్పుకునేవాణ్ని నేను. బాబాయ్ జేబులోంచి చిన్న డైరీ తీసి లెక్క వేశాడు. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం 86 వేల పైచిలుకు. ఇన్‌టూ 220.

మా గల్లీలో గజం అంత పలకదు. అది రోడ్లు, లైన్లు వేసిన లేఅవుట్, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. మాది ఆటో తిరగడానికి కూడా రివర్స్ తీసుకోవాల్సిన సందు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఆ అంకె ఆ రాత్రి ఇంట్లోకి వచ్చింది, మళ్లీ బయటికి పోలేదు.

ఆ డైరీ గురించి చెప్పాలి. బాబాయ్ ఎప్పుడూ అన్నీ రాసుకునేవాడు. డీజిల్, టోల్, ఎవరికిచ్చింది, ఎవరి దగ్గర తీసుకుంది. మాకు చిన్నప్పటి నుంచీ అదొక జోకు. ‘బాబాయ్, నాకు ఐదు రూపాయల చాక్లెట్ ఇప్పించావు, రాసుకో’ అనేవాళ్లం. ఆయనా నవ్వుతూ రాసుకుంటున్నట్టు నటించేవాడు. నటన కాదని సెప్టెంబరులో తెలిసింది. వినాయక చవితి అయిన వారానికి కిందికొచ్చి, నాన్న ముందు కూర్చుని, డైరీలు తీశాడు. ఒకటి కాదు, ప్లాస్టిక్ కవర్లో ఏడెనిమిది. 2009, తాతయ్య ఆసుపత్రి. 2012, పై అంతస్తు స్లాబు. 2015, బోరు మోటారు. 2016, పెద్దోని ఫీజు, 38 వేలు.

పెద్దోడంటే నేను. రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలిన ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమన్నారు కాలేజీలో. బాబాయ్ రాత్రికి రాత్రి సర్ది తెచ్చాడు. తిరిగి ఇచ్చామా? నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

ఇవన్నీ కలిపి, ఇల్లు పంచేటప్పుడు తనకు సగం కంటే ఎక్కువ రావాలన్నాడు. నాన్న తల వంచుకుని నేల చూస్తూ ఉన్నాడు. అమ్మే మాట్లాడింది. "ఇరవై ఏళ్లు ఒక్క పొయ్యి లెక్కనే ఉన్నం. అప్పుడు లేని లెక్కలు ఇప్పుడెక్కడివయ్యా?" ఆయన జవాబు చెప్పలేదు. వారం తిరిగేసరికి పైన అంతా తనదేనంటూ రేకుల రూమ్‌కి తాళం వేశాడు. నా పాత మానిటర్, బీటెక్ పుస్తకాలు లోపలే ఉండిపోయాయి. నాన్నమ్మ వేలిముద్ర కోసం ఒకరోజు నాన్న లేనప్పుడు కాగితం తెచ్చాడు. ఆ ఒక్క పని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ రాత్రి అమ్మ గిన్నెలు తోముతూ నాతో అంది, "ఈ మనిషి మీ బాబాయ్ కాదురా."

ఆ మాట ఎక్కడో విన్నాననిపించింది. విన్నది కాదు, టైపు చేసింది. మూడొందల లైకులు.

ఆ అక్టోబరులో నేను ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మొదటి నుంచి మళ్లీ చూశాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను. ఇంట్లో రాత్రిళ్లు మాట్లాడుకునేవాళ్లు లేరు, నాకు నిద్ర పట్టేది కాదు, అంతే. మొదటి సీజన్‌లో ఆమె అన్న తల మీద కరిగిన బంగారం పోసి చంపుతారు. అప్పుడు నేను చూసింది ఆ బంగారాన్ని. ఈసారి ఆమె మొహం చూశాను. రెప్ప వేయదు. రెండో సీజన్‌లో ఊరి తలుపు తీయకపోతే తగలబెడతానంటుంది, మనం చప్పట్లు కొడతాం. నాలుగో సీజన్‌లో 163 మంది యజమానులను శిలువ వేయిస్తుంది. వాళ్లు పిల్లల్ని అలా చంపారు కాబట్టి న్యాయమే అనుకున్నాం. అందులో ఒకడు ఆ పని వద్దన్నవాడని అతని కొడుకు వచ్చి చెప్తాడు. ఆ సీన్ ఉన్నట్టే నాకు గుర్తు లేదు. ఏడో సీజన్‌లో మోకరిల్లని తండ్రీకొడుకులను నిలబెట్టి కాలుస్తుంది. అన్నీ ఉన్నాయి. ఆమె కాల్చినవాళ్లు మనకు నచ్చనివాళ్లు కాబట్టి మనకది కోపంలా కనిపించలేదు, ధైర్యంలా కనిపించింది. లాగ్‌లో వార్నింగులు పడుతూనే ఉంటాయి, యాప్ నడుస్తున్నంత కాలం ఎవడూ తెరిచి చూడడు. నా ఉద్యోగమే అది కాబట్టి చెప్తున్నా.

తర్వాత ఆ దావత్ సీన్. నాలుగో ఎపిసోడ్. బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. అందరూ అవతలివాణ్ని పొగుడుతున్నారు. ఆమె ఒక్కతే కూర్చుని, నవ్వు పులుముకుని చూసి, లేచి వెళ్లిపోతుంది. వెళ్తున్నప్పుడు వెనక నుంచి ఒక్కరూ పిలవరు.

నేను అక్కడ ఆపి, అక్క పెళ్లి ఆల్బమ్ తీశాను. 2021 డిసెంబరు. ఫంక్షన్ హాల్ మాట్లాడింది బాబాయ్. వంటవాళ్లను కుదిర్చింది బాబాయ్. పెళ్లివారిని ఎయిర్‌పోర్టు నుంచి, స్టేషన్ నుంచి మూడు ట్రిప్పులు తెచ్చింది బాబాయ్. అర్ధరాత్రి దాటాక క్యాటరింగ్ పిల్లలతో కలిసి నిలబడి పెరుగన్నం తినడం నేను చూశాను. చూసి, ఎంత మంచోడు మా బాబాయ్ అనుకున్నాను. కుటుంబం గ్రూప్ ఫొటోలో ఆయన లేడు. ఇంకో ఫొటోలో అంచున సగం భుజం, చేతిలో కారు తాళాలు. వెతికితే ఆల్బమ్ మొత్తం మీద ఆయన పూర్తిగా కనిపించేవి రెండే. రెండింట్లోనూ ఎవరికో దారి చూపిస్తున్నాడు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి, లేకపోతే మళ్లీ చూశాక సీజన్ ఎనిమిది గొప్పదైపోయిందని రాస్తున్నానని సివిల్‌గాడు ఫోన్ చేస్తాడు. గొప్పది కాదు. జార్జ్ మార్టిన్ పుస్తకాలు 2011లో ఐదో దాంతో ఆగిపోయాయి. ఆ తర్వాత సీరియల్ వాళ్లు సొంత దారి పట్టి, సీజన్‌కు పది ఎపిసోడ్లు చేసేవాళ్లు ఏడుకు, తర్వాత ఆరుకు తగ్గించేశారు. సూచన వేరు, కథ వేరు. అక్కడొకటి ఇక్కడొకటి వేసిన గింజలను ఒకే వారంలో చెట్టు చేసి చూపిస్తే ఎవరు నమ్ముతారు? కోపం లోపల ఎలా పెరిగిందో మనల్ని పక్కన కూర్చోబెట్టి చూపించాలి. ఎమిలియా క్లార్క్ కూడా ఆ స్క్రిప్టు చదివి ఏడ్చి, ఇంట్లోంచి బయటపడి కాళ్లు బొబ్బలెక్కేదాకా నడిచిందట. పదేళ్లు ఆ మనిషిలో బతికిన ఆమెకే అంత దెబ్బ తగిలితే, మేం అరవడంలో తప్పేం లేదు.

కానీ బాబాయ్ విషయంలో ఎపిసోడ్లు తగ్గించినవాళ్లెవరూ లేరు. మధ్య ఎపిసోడ్లన్నీ వచ్చాయి, మా ఇంటి పై అంతస్తులోనే వచ్చాయి. 2019లో ఉద్యోగం వచ్చాక నేను గచ్చిబౌలి, ఔటర్, ట్రాఫిక్, వీకెండ్ అంటూ తిరిగాను. లాక్‌డౌన్‌లో ఆయన మూడు నెలలు కారు ఈఎంఐ ఎలా కట్టాడో నాకు తెలియదు. ఆ ఏడాది డైరీలో ఏం రాసుకున్నాడో తెలియదు. నేను నేరుగా ఆఖరి సీజన్ పెట్టుకుని, ఇదేంటి ఇలా మారాడు అన్నాను.

అలాగని ఆయనది న్యాయమనీ అనను. నాన్న పెద్దకొడుకుగా మోసినవి ఏ డైరీలోనూ లేవు, ఎందుకంటే నాన్నకు రాసుకునే అలవాటు లేదు. రాసుకున్నవాడి లెక్క మాత్రమే లెక్కవుతుందా? నాన్నమ్మ చేతికి సిరా పూయబోయినవాడు, హాల్ టికెట్ రోజు నా కోసం అప్పు చేసినవాడు, ఇద్దరూ ఒకే మనిషి. ఆ రెండో మనిషి కోసం మొదటి మనిషిని క్షమించలేను. మొదటి మనిషి కోసం రెండో మనిషి లేడనీ అనలేను. నా 38 వేలు మాత్రం నవంబరులో ఆయన అకౌంట్‌కు పంపాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాయి. ఏ మెసేజీ లేదు.

సంక్రాంతికి ముందు పెద్దమనుషులు కూర్చుని తేల్చారు. చెరి సగం. పై అంతస్తుకు బయట నుంచి ఇనప మెట్లు, వేరే గేటు. డైరీలు పెద్దమనుషుల్లో ఒకాయన చూసి, మడిచి, మళ్లీ ఆ కవర్లోనే పెట్టి ఇచ్చేశాడు. నాన్నమ్మకు నెల పైన, నెల కింద. ఏ అంతస్తుకూ చెందని మనిషికి ఇప్పుడు తేదీలున్నాయి. ఒకటో తారీఖున ఆమె చీరల సంచీ పట్టుకుని నేనే ఇనప మెట్లెక్కి తలుపు దాకా దిగబెడతాను. మోకాళ్ల నొప్పులకు ఆ మెట్లు ఆమెకు పడవు. మధ్యలో ఒకచోట ఆగి, యూనివర్సిటీ చెట్ల వైపు చూస్తుంది. అటే వంద ఎకరాలు కొత్త హైకోర్టుకు కేటాయించారు. ‘మన పంచాయితీ గిట్ల నడిస్తే దగ్గర్లనే ఉంటుండె’ అని ఒకసారి ఆమే నవ్వింది.

2024 జూన్‌లో తమ్ముడి నుంచి మెసేజ్. గొడవయ్యాక మేం మెట్ల మీద ఎదురుపడితే తల ఊపుకోవడమే. ‘అన్నా, హౌస్ ఆఫ్ ది డ్రాగన్ రెండో సీజన్. సోమవారం ఆరున్నర. జియోసినిమా నా దగ్గర ఉంది.’ ఆ డనేరిస్ పూర్వీకుల కథ అది. ఒకే ఇంటివాళ్లు సింహాసనం కోసం రెండు ముక్కలై తన్నుకు చస్తారు. మా ఇద్దరికీ ఎవరైనా ఇంతకంటే మంచి సీరియల్ చూపించలేకపోయారా అనిపించింది. సరే అని పంపాను.

జూన్ 17 పొద్దున ఇనప మెట్లెక్కాను. రేకుల రూమ్ తాళం తీసి ఉంది. నా పుస్తకాలు ఒక మూల దొంతరగా పేర్చి, పైన గుడ్డ కప్పి ఉన్నాయి. ఎవరు పేర్చారని అడగలేదు. కిటికీకి దుప్పటి కట్టాం. ఇద్దరమే. సివిల్‌గాడు దుబాయ్‌లో ఉన్నాడు. సగం ఎపిసోడ్ అయ్యాక కింద గేటు చప్పుడు, మెట్ల మీద అడుగులు. బాబాయ్. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో చాయ్ పార్సిల్ ఉంది, ఒకరికి సరిపడా. తమ్ముడు స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పలేదు. నేను జరిగాను, కొంచెం.

ఆయన కూర్చోలేదు. కాసేపు నిలబడే చూశాడు.

"ఎన్ని ఎపిసోడ్లు ఈసారి?"

"ఎనిమిది" అన్నాను.

"పోయిన సారి పది గదా?"

"అవును బాబాయ్."

"మల్ల తక్కువ తీసిన్రు" అని, చాయ్ కవర్ గుమ్మం పక్కన గూట్లో పెట్టి, నిద్రకు వెళ్లిపోయాడు.